ట్యాబ్ సరే, సారేడి?

ముంబయిలో గోడలు లేపిన చేతులు మన తెలుగువాళ్లవి. నిజాం ఇలాకా నుంచి వలసొచ్చి రాళ్లెత్తిన కామాఠీల పేరే కామాఠిపురకు పేరైంది. ఆ కూలీల వారసులు చదివే మున్సిపల్ బడులకు 2015లో ఒక కానుక వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు! సంచి బరువు తగ్గుతుందన్నారు, చదువు మీద మనసు పుడుతుందన్నారు. నాయకులు ఫొటోలు దిగారు.

చదువు మీద మనసు ఎక్కడ పుడుతుందో నేను చెప్పనా? రాని లెక్క వచ్చిన క్షణాన పుడుతుంది. తప్పెక్కడుందో ఒకరు పట్టుకుని, మందలించి, మళ్లీ చేయించినప్పుడు పుడుతుంది. తెర వెలిగితే పుట్టేది మోజు. నాలుగు రోజులకు పాతబడుతుంది. ఈ తేడా తెలియనివాళ్లు తీర్మానాలు చేస్తున్నారు, తెలిసినవాళ్లు సరుకు అమ్ముకుంటున్నారు.

పెరూ దేశం పిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. లెక్కల్లో, భాషలో మార్కులు కదల్లేదని 2012 అధ్యయనం తేల్చింది.

నాకు యంత్రంతో పగ లేదు. వడోదరలో నాలుగో తరగతి పిల్లల్ని ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించారు. లెక్కలు బాగా వచ్చాయి, ఎందుకంటే ఆ ఆట ఎవరి మెట్టు దగ్గర వాళ్లకు మొదలైంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో అచ్చేసిన ఆ అధ్యయనంలోనే మన ముంబయి బడులూ ఉన్నాయి. ఇక్కడ బస్తీ అమ్మాయే వెనకబడ్డ పిల్లల్ని రోజూ రెండు గంటలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. వాళ్లూ ముందుకొచ్చారు. ఖర్చు కంప్యూటర్ ఖర్చులో ఐదో వంతు కూడా కాలేదు! గుజరాత్‌లోనే మరోచోట జరిగిన ఇంకో అధ్యయనంలో, బడివేళ పాఠం మాన్పించి కంప్యూటర్ ముందుకు తోలితే పిల్లల చదువు తగ్గింది. బడి అయ్యాక పెడితే కొంత పెరిగింది.

ఇంతకన్నా రుజువేం కావాలి?

సంపన్నుల మలబార్ హిల్ పిల్లకు బడిలో టీచర్, ఇంట్లో ట్యూషన్ టీచర్, ఆపైన ల్యాప్‌టాప్. చాల్ పిల్లకు మాత్రం టీచర్ ఉన్నా లేకున్నా ట్యాబ్. దీన్ని సమానత్వం అని పిలిచే నోళ్లకు సిగ్గుండాలి.

మనం మాత్రం తక్కువా? ఇరుకు ఖోలీలో పిల్ల తెర చూస్తుంటే, మా బిడ్డ కంప్యూటర్ చదువుతోందని వాడకట్టంతా చాటుకుంటాం. ఏం నేర్చావని ఒక్కనాడైనా అడిగామా? మీ పిల్ల బడిలో లెక్కల సారు ఉన్నాడో లేడో మీకు తెలుసా? తెలియకపోతే ఆ తప్పు కార్పొరేషన్‌ది మాత్రమే కాదు.

రేపు ఓటుకోసం గల్లీలోకి వచ్చేవాణ్ణి నిలదీయండి. నీ కొడుకు బడిలో సారును తీసేసి ట్యాబ్ పెడితే ఒప్పుకుంటావా అని అడగండి. జవాబు చెప్పేదాకా గల్లీ దాటనివ్వకండి.