లాజరు పళ్ళెం ఎవరు తీశారు?

దసరాకి విశాఖలో బడులు మూసేస్తారు. క్రైస్తవుల ఇళ్ళల్లో పూజలు, పిండివంటలు, పేరంటాలు ఉండవు కదా, కనీసం ఆ ఇళ్ళ ఆడపిల్లలకైనా సెలవులు నిజంగా సెలవులే అయ్యుంటాయని ఎవరైనా అనుకోవచ్చు. జ్ఞానాపురంలో నాకు బాగా తెలిసిన ఒక ఇల్లుంది. తండ్రికి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. ఆయన ఎ షిఫ్టులో ఉన్న వారం తల్లి మూడున్నరకి లేస్తుంది. పన్నెండేళ్ళ పెద్దకూతురు నాలుగింటికి లేచి క్యారేజీ సర్దుతుంది. తొమ్మిదేళ్ళ చిన్నది పాల పాకెట్లకి వెళ్తుంది. పదిహేనేళ్ళ కొడుకు ఎనిమిదింటికి లేస్తాడు. లేపవేం అని అడిగితే తల్లి నావైపు వింతగా చూసి, "వాడికి సెలవులు కదండీ" అంది.

శరత్కాలం అంటే కవులకి వెన్నెల. మన తీరంలో అది తుఫానుల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక నగరం రోజుల తరబడి కరెంటు లేక, కుళాయిల్లో నీళ్ళు లేక అల్లాడింది. ట్యాంకర్ల ముందు బిందెలతో ఎవరు నిలబడ్డారో చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తుఫాను రాని ఏడు కూడా పని తక్కువేం కాదు. ఆరని బట్టలు, చెమ్మ పట్టిన గోడలు, బూజు. ఆ తర్వాత నవంబరు 2న సమాధుల పండుగ. రెండు రోజుల ముందే తల్లీకూతుళ్ళు వెళ్ళి తాత సమాధి మీద గడ్డి పీకుతారు, రాయి కడుగుతారు, సున్నం వేస్తారు. పండుగనాడు బంతిపూలు పరిచేదీ, గాలికి ఆరిపోయే కొవ్వొత్తులు మళ్ళీ మళ్ళీ వెలిగించేదీ చిన్నదే. ఫాదర్‌గారు వచ్చి ప్రార్థన చేసేటప్పుడు మాత్రం తలాపు దగ్గర కొడుకుని నిలబెడతారు. వంశం నిలబెట్టేవాడు గనక! అది కాగానే క్రిస్మస్‌కి ఇల్లు దులపడం మొదలు.

ఇంత చిన్న విషయాల మీద వ్యాసమా అని పెదవి విరిచేవాళ్ళుంటారు. చర్చిలో ఆడవాళ్ళ పని గురించి మాట వస్తే చాలు, మార్త, మరియల కథ చెప్తారు. పనితో సతమతమయ్యే మార్త కన్నా ప్రభువు పాదాల దగ్గర కూర్చుని విన్న మరియ మేలు అంటారు. బాగానే ఉంది. కానీ వాళ్ళకి లాజరు అనే సోదరుడున్నాడు. యోహాను సువార్త 12వ అధ్యాయంలో అతను విందులో కూర్చుని ఉంటాడు, మార్త వడ్డిస్తూ ఉంటుంది. లాజరు పళ్ళెం ఎవరు తీశారని ఏ ప్రసంగంలోనూ ఎవరూ అడగగా నేను వినలేదు.

ఆ పళ్ళానికీ ఆస్తికీ సంబంధముంది. ఆస్తి హక్కు ఎత్తగానే సంఘ పెద్దలు ధీమాగా ఒక మాట అంటారు: "అది హిందూ స్త్రీల సమస్య. మా కూతుళ్ళకి 1925లోనే సమాన వాటా వచ్చింది." నిజమే. భారత వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా లేకుండా చనిపోతే భార్యకి మూడో వంతు పోగా మిగిలింది కొడుకులకీ కూతుళ్ళకీ సమానం. (అదే చట్టం కేరళ క్రైస్తవ స్త్రీలకి అందడానికి మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. తీర్పు 1986లో వచ్చింది.) అయితే ఈ సమానత్వం తండ్రి వీలునామా రాయనంత వరకే. ఉమ్మడి ఆస్తిలో హిందూ కూతురికి మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి పుట్టుకతోనే హక్కు వచ్చింది. క్రైస్తవ కూతురికి అలాంటి హక్కే లేదు. తండ్రి ఉన్నదంతా కొడుకు పేర రాసేస్తే ఆమె అడగడానికేం మిగలదు.

వీలునామా లేకపోయినా ఇంకో దారి ఉంది. "నీ కట్నంలోనే నీ వాటా పోయింది, అన్నయ్యకి సంతకం పెట్టమ్మా" అంటారు. కట్న నిషేధ చట్టం 1961 నుంచీ అన్ని మతాలకీ వర్తిస్తుంది. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. కట్నం మీద అభ్యంతరం చెప్పడానికి లేచినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. ఇక రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టే చెల్లెలు ఎందుకు ఎదురు చెప్పదు? తొమ్మిదేళ్ళ వయసు నుంచీ ఆ ఇంట్లో తనది పని, వాడిది ఇల్లు అని నేర్చుకుంది కాబట్టి.

తల్లి సంగతి ఇంకా ఘోరం. ఆ పెద్దకూతురే రేపు ఉద్యోగం చేసి, నాలుగు రూపాయలు వెనకేసి, పెళ్ళి కాకుండా, వీలునామా రాయకుండా చనిపోయిందనుకోండి. తండ్రి బతికుంటే మొత్తం ఆయనకే. మూడున్నరకి లేచి పెంచిన తల్లికి చిల్లిగవ్వ రాదు. దీన్ని సవరించి తల్లిదండ్రులిద్దరికీ సమానంగా ఇవ్వమని 2014లో లా కమిషన్ తన 247వ నివేదికలో సిఫార్సు చేసింది. అది ఇంకా సిఫార్సుగానే ఉంది.

ఇవన్నీ బయటపెడితే మైనారిటీల మీద విరుచుకుపడేవాళ్ళకి ఆయుధం అందించినట్టే అని కొందరు మిత్రులు హెచ్చరిస్తారు. ఆ భయం నాకూ ఉంది. ఉమ్మడి పౌరస్మృతి పేరుతో మొసలికన్నీళ్ళు కార్చేవాళ్ళ మీద నాకే భ్రమలూ లేవు. కానీ 1869 నాటి విడాకుల చట్టంలో భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటీ చాలేది. భార్య దానితోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. అది 2001లో మారింది. ఎవరో దయతలిస్తే మారలేదు, క్రైస్తవ స్త్రీలు ఏళ్ళ తరబడి అడిగితే మారింది. మోషే ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో భాగమడిగిన సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురూ బయటివాళ్ళా? సంఖ్యాకాండం 27వ అధ్యాయం తెరిచి చూడండి. వాళ్ళకి అన్నదమ్ములు లేరు గనక ఇచ్చారని పెద్దలు వెంటనే గుర్తు చేస్తారు. మరి ఉన్నవాళ్ళ సంగతేమిటనే నా ప్రశ్న.

కిందటి నవంబరులో ఒక చర్చి మహిళా సంఘాన్ని వీలునామాల గురించీ, హక్కు విడుదల పత్రాల గురించీ మాట్లాడడానికి ఒక గంట అడిగాను. "ఇప్పుడు తీరికెక్కడండీ, క్రిస్మస్ పనులు అయ్యాక చూద్దాం" అన్నారు. జనవరిలో మళ్ళీ వెళ్ళాను. అరగంట ఇచ్చారు. పధ్నాలుగు మంది కూర్చున్నారు. ఒకామె చివరిదాకా ఆగి, అందరూ వెళ్ళాక, "సంతకం పెట్టి ఆరేళ్ళయింది, ఇప్పుడేమైనా చేయొచ్చా?" అని అడిగింది. ఆ పత్రం నకలు తెమ్మన్నాను.