వదిలిన పిల్లలెన్ని? వలకు చిక్కినవెన్ని?

ఏటా వానాకాలంలో ఒక ఫొటో చూస్తుంటాం. చెరువు కట్ట మీద నాయకులు వరుసగా నిలబడి, పాలిథిన్ సంచి విప్పి చేప పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంటారు. మర్నాడు పేపర్లో ఇన్ని లక్షల పిల్లల్ని వదిలామని వార్త. ఎండాకాలంలో వల లాగిన రోజున మాత్రం ఫొటో తీసేవాడుండడు. ఎన్ని దొరికాయో, ఎంత తూగాయో రాసుకునేవాడూ ఉండడు.

తెలంగాణలో ఉచిత చేప పిల్లల పంపిణీ 2016లో మొదలైంది. ఏడాదంతా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు, కొన్ని నెలలే నీళ్లు నిలిచే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలన్నది లెక్క. పథకం మంచిదే. విత్తనం కోసం ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు అప్పు చేసే బాధ తప్పించాలన్న ఆలోచనను ఎవరూ కాదనరు. నా పేచీ పథకంతో కాదు, దాని పద్దుతో.

మా ఊరి సంగతే చెప్తాను. రెండేళ్ల కింద పిల్లల బండి చీకటి పడే వేళకు వచ్చింది. సరఫరాదారు మనిషి ఒక గిన్నె నిండా పిల్లల్ని ముంచి లెక్కపెట్టాడు. తర్వాత ఎన్ని గిన్నెలు పోశాడో దానితో గుణించాడు. మొదటి గిన్నె నిండుగా ఉంది, తర్వాతివి సగం సగమే. "పిల్లలు వేలెడంత కూడా లేవు కదన్నా" అని మా సొసైటీ అధ్యక్షుడు అడిగితే, "చీకట్ల అట్లనే కనవడ్తయి" అన్నాడు. సంతకం తీసుకుని పోయారు. అంత చిన్న పిల్లలు కొర్రమట్టకు, వాలుగకు మేతే కదా.

వదిలిన చేప ఏమైందో తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో హోవర్డ్ టానర్ అనే మత్స్య శాస్త్రవేత్త 1960లలో మిషిగన్ రాష్ట్ర మత్స్య విభాగానికి అధిపతిగా ఉండి, మహా సరస్సుల్లో సాల్మన్ పిల్లల్ని వదిలించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు వదలడంతో ఆగలేదు. కొన్ని పిల్లలకు తోక ముందుండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి, ముక్కులో అంకెలున్న సన్నని తీగ ముక్క పెట్టారు. మరికొన్నిటికి ఎముకలో గుర్తు మిగిల్చే మందు మేతలో కలిపి పెట్టారు. 2000 తర్వాత హ్యూరాన్ సరస్సులో పట్టిన చినూక్ సాల్మన్లను పరీక్షిస్తే దాదాపు 80 శాతం గుర్తు లేనివే. అంటే అవి హేచరీవి కావు, వాగుల్లో పుట్టినవి. అక్కడ చినూక్ తినే చిన్న చేప అప్పటికే కూలిపోతోంది. పక్కనున్న మిషిగన్ సరస్సులో కూడా మేత చేప తగ్గడం, వాగుల్లో పుట్టే సాల్మన్ పెరగడం గమనించి, 2013లో వదిలే చినూక్ పిల్లల సంఖ్యను దాదాపు సగానికి తగ్గించారు. గుర్తు పెట్టకపోయి ఉంటే, చేపలు తగ్గాయి కాబట్టి ఇంకా వదలండి అనే అనేవాళ్లు.

మన పరిస్థితి వేరు. రవ్వ, బొచ్చె, మోసు చేపలకు కొవ్వు రెక్కే ఉండదు. పైగా ఇవి పారే నీటిలో గుడ్లు పెట్టే జాతులు, నిలవ నీటి చెరువులో మామూలుగా పిల్లలు చేయవు. 1957లో హీరాలాల్ చౌదరి పిట్యూటరీ ఇంజెక్షన్‌తో వీటి చేత గుడ్లు పెట్టించిన తర్వాతే హేచరీ విత్తనానికి దారి పడింది. అంతకు ముందు నదుల్లో ఏరుకొచ్చేవాళ్లు. అందుకే మనకొక సులువుంది. వేసవిలో పూర్తిగా ఎండి, పైనుంచి అలుగు నీళ్లు రాని చెరువులో ఆ ఏడు దొరికిన బొచ్చె, రవ్వ మనం వదిలినవే. గుర్తు అక్కర్లేదు, ఎంచితే చాలు. బంగారు తీగ ఒక్కటే చెరువులోనూ గుడ్లు పెడుతుంది, దాన్ని పక్కన పెట్టుకోవాలి.

ఎంచితే ఏమొస్తుందో చూడండి. పదివేల పిల్లలు వదిలామనుకుందాం. నూటికి 30 బతికి, ఒక్కొక్కటి 700 గ్రాములు తూగితే 2,100 కిలోలు. నూటికి పదే బతికితే 700 కిలోలు. ఆ 1,400 కిలోల తేడా విత్తనం సైజుదా, ఆలస్యానిదా, గిన్నె లెక్కదా అన్నది పద్దు ఉంటేనే తేలుతుంది. మూడు నెలలు ఆలస్యంగా వచ్చిన పిల్ల పెరిగేలోపు చెరువే ఎండుతుంది.

పెద్ద జలాశయాల్లో ఇంత సులువు కాదు. అక్కడ గుర్తులు పెట్టాల్సిందే. ఆ పని మన దేశానికి కొత్త కాదు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1997లో విడుదల చేసిన జయంతి రవ్వను ఇలాగే రూపొందించారు. చేప ఒంట్లో బియ్యపు గింజంత చిప్ పెట్టి, ఏది ఏ కుటుంబానిదో గుర్తించి, బాగా పెరిగినవాటినే ఎంచుకుంటూ పోయారు. తరానికి దాదాపు 17 శాతం పెరుగుదల వచ్చింది. ప్రయోగశాలలో అంత జాగ్రత్త చూపిన ప్రభుత్వాలు, రైతు చెరువు దగ్గరికొచ్చేసరికి గిన్నె పట్టుకుంటున్నాయి. జిల్లాకు ఒక్క జలాశయంలోనైనా కొన్ని వేల పిల్లలకు గుర్తు పెట్టి వదలాలని మన సంఘం అడగాలి. బిల్లు చెల్లింపును కూడా సొసైటీ సభ్యులు పగటి వెలుతురులో తూకం వేసి, సైజు కొలిచి ఇచ్చిన కాగితానికి ముడిపెట్టాలి.

ఆయకట్టు రైతులకు ఒక మాట. వరికి నీళ్లు వదిలేటప్పుడు చేపకు అడుగున ఎంత నీరు ఉంచాలో సొసైటీతో కూర్చుని ముందే రాసుకోండి. అది కాగితం మీద లేకనే మా ఊళ్లో ఏటా తూము దగ్గర గొడవ.

ఈసారి మేం ఒక స్కేలు, ఒక తూకం మిషను, ఒక నోట్‌బుక్కు కొన్నాం. బండి చీకటి పడ్డాక వస్తే తెల్లారే దాకా దింపనివ్వొద్దని తీర్మానం రాసుకున్నాం. అప్పటిదాకా పిల్లలు బతికుండేలా ఆక్సిజన్ చూసుకోవాల్సింది సరఫరాదారే అని కూడా అందులో రాశాం.