సపోటా క్రింద దాగిన పాల చెట్టు

గత వేసవిలో ఒక గృహిణి నా వైద్యశాలకు వచ్చి, మొక్కలమ్మేవారు పంచిన కరపత్రమొకటి నా ముందు ఉంచారు. "వైద్యులుగారూ, క్రొత్తగా ఇల్లు కట్టుకున్నాము. వెనుక ఒక్క చెట్టుకే చోటున్నది. సపోటా వేయమంటారా, ఇందులో చెప్పిన మామే సపోటా, నల్ల సపోటా, తెల్ల సపోటాలలో ఏదైనా వేయమంటారా? సపోటాను చరకుడే మెచ్చుకున్నాడట గదా!" అని అడిగారు. ఆమె భర్తకు మధుమేహం. ఇంట ఇద్దరు మనుమలు. ఇటువంటి ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు గనుక నా అభిప్రాయం ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట ఒక మాట నిష్కర్షగా చెప్పవలెను. చరకుడు సపోటాను చూడలేదు. దాని పుట్టిల్లు మెక్సికో దక్షిణ ప్రాంతమూ మధ్య అమెరికా అడవులూను. అచ్చటివారు దాని పాలను కాచి, నమిలే బంకను తయారుచేసేవారు. మెత్తని తీపి పండు దేనినైనా వారు తమ భాషలో సపోట్ వంటి పేరుతోనే పిలిచేవారు. అందువల్లనే ఒకదానితో ఒకటి చుట్టరికం లేని చెట్లు కూడా ఈ పేరు పెట్టుకుని తిరుగుతున్నాయి. 1492లో ఐరోపావారు ఆ ఖండానికి దారి కనుగొనక ముందు ఈ పండు మన నేలమీద ఉండే అవకాశమే లేదు.

మరి శాస్త్రంలో ఉన్నదేమిటి? రాజాదనము. క్షీరిణి అనీ అంటారు. మన తెలుగువారి పాల చెట్టు. ఏడాకుల పాల, పాలకొడిసె వేరు, ఇది వేరు. వేసవిలో పసుపుపచ్చని చిన్న పండ్లు కాస్తుంది. ఇది సపోటాకు దగ్గరి బంధువే, ఇద్దరిదీ ఒకే కుటుంబం. పొగడ, ఇప్ప కూడా ఆ ఇంటివారే. భావమిశ్రుడు దీని పండును చలువచేసేదిగా, బలమిచ్చేదిగా, దప్పికను మూర్ఛను పోగొట్టేదిగా చెప్పాడు. గురుగుణం కలదని కూడా చెప్పాడు. ఈ గుణాలనే ఎవరో తీసుకువెళ్ళి సపోటాకు తగిలించారు. ఆ నమ్మకంతో రోజుకు నాలుగేసి సపోటాలు తిని, మధుమేహం ముదిరిన తర్వాత నా వద్దకు వచ్చినవారు ఉన్నారు. బంధువైనంత మాత్రాన గుణం ఒకటి కాదు గదా!

సపోటా చెడ్డదని నేననడం లేదు. రుచిని, తిన్న తర్వాత దేహంలో కనిపించే ఫలితాన్ని బట్టి చూస్తే అది మధురం, స్నిగ్ధం, గురువు. ఎదిగే పిల్లలకు, ఎండన పడి పనిచేసేవారికి, మలబద్ధం ఉన్నవారికి మంచిది. మందాగ్ని, కఫం ఉన్నవారు మితంగా తినవలెను. మధుమేహులు దూరంగా ఉండడమే మేలు. పెరట్లో కాస్తున్న చెట్టును చూస్తూ నోరు కట్టుకొనడం ఎంత కష్టమో వారికే తెలుసు. ఇక పాలు, మంచుగడ్డలు కలిపి గ్లాసెడు సపోటా రసం రాత్రి భోజనం మీద త్రాగే అలవాటును నేను ఏనాడూ ఒప్పుకోలేదు. పిల్లలకు పండు ఇచ్చేటప్పుడు గింజలు తీసి ఇవ్వండి. గింజ కొనన చిన్న కొక్కెం ఉంటుంది, పొరపాటున మింగితే గొంతులో పట్టుకుంటుంది.

కరపత్రంలోని తక్కిన చెట్ల సంగతి. నల్ల సపోటా అసలు మన తునికి చెట్టుకు బంధువు. తెల్ల సపోటా నిమ్మ, మారేడుల వంశం. దాని గింజ విషం, పైగా మన కోస్తా ఎండలకు ఓర్చుకోదు. మామే సపోటా మహావృక్షం, పూత పూచిన తర్వాత పండు మాగడానికి ఏడాదికి పైగా పడుతుంది. ఎగ్ ఫ్రూట్ అనేదొకటి కడియం నర్సరీలలో దొరుకుతుంది. చెట్టు పెద్దగా పెరగదు, పండు లోపల ఉడికిన గ్రుడ్డు సొన వలె పొడిపొడిగా ఉంటుంది. కొందరికి రుచిస్తుంది, నాకు రుచించలేదు. స్టార్ ఆపిల్ మాత్రం నాకు ఇష్టమే. ఆకు అడుగున బంగారు వన్నె, నిండైన నీడ. అయితే దాని పండు మాగినా రాలదు, కోయవలెను. తొక్కలో జిగట పాలుంటాయి గనుక లోపలి గుజ్జునే తినవలెను. చోటు చాలా కావలెను.

ఒక్క చెట్టుకే చోటున్న ఇంటికి నా ఓటు సపోటా అంటుకే. విత్తు మొక్క ఏడెనిమిదేళ్ళు ఆగమంటుంది, అంటు మూడు నాలుగేళ్ళకే కాస్తుంది. క్రికెట్ బాల్ రకం చూడడానికి ఘనమే గాని, ఒంటరిగా వేస్తే కాపు పలుచన. చిన్న పెరడుకు పొట్టిగా పెరిగే పి.కె.ఎం. 1 నయం. పాల అనే పేరుతో సపోటాలోనే ఒక రకమున్నది, కాయ చిన్నది, తీపి ఎక్కువ; పైన చెప్పిన పాల చెట్టుతో దానిని కలగలపవద్దు. కాయ మీది పొడి రాలిపోయి, గోటితో గీరితే ఆకుపచ్చ బదులు పసుపు కనిపించినప్పుడు కోసి బియ్యపు డబ్బాలో ఉంచండి. కార్బైడుతో మాగబెట్టడం చట్టరీత్యా నిషిద్ధమైనా అంగడిలో ఆ భయం తప్పడం లేదు. ఇంటి చెట్టు వల్ల మొదటి లాభం ఇదే.

ఆ సపోటా అంటు వేరు ఎవరిదో తెలుసునా? మన ప్రాంతంలో సపోటాను కట్టేది చాలావరకు పాల మొక్క మీదనే. నీటి ఎద్దడికి, చవుడుకు ఓర్చే శక్తి దానిదే. అంటు క్రింద చిగుళ్ళు వస్తే ఎప్పటికప్పుడు త్రుంచివేయవలెనని తోటమాలులు చెబుతారు. 1996లో నేను నాటిన అంటుకు ఆ పని చేయలేదు. ఆ ఏడు వేసవిలో ఊళ్ళో లేను, నీరు అందక పైకొమ్మ ఎండిపోయినది. తిరిగి వచ్చేసరికి క్రింద నుండి రెండు చిగుళ్ళు లేచి ఉన్నాయి. పీకివేద్దామని వంగి, ఆకు చూచి ఆగిపోయాను. మా గురువుగారి ఇంటి వాకిట ఉన్న చెట్టు అదే. చిన్ననాడు పాఠం వల్లెవేస్తూ దాని పండ్లు ఏరుకొనేవారము. అప్పుడే కోసిన పండు తింటే పెదవులు అంటుకుపోయేవి, అందుకని ఒక పూట ఆరబెట్టుకొని తినేవారము. ఆ ఇల్లు, ఆ చెట్టు ఇప్పుడు లేవు.

నా పెరటి పాల కాపుకు రావడానికి పదిహేడేళ్ళు పట్టినది. అంత ఓపిక అందరికీ ఉండవలెనని నేననను. ఆ గృహిణికి సపోటా అంటునే వేయమన్నాను, భర్తగారికి మాత్రం ఆ చెట్టు క్రింద కుర్చీ వేయవద్దన్నాను. ఆమె నవ్వి, "మా వీధి గుడి వెనుక చాలా చోటున్నదండీ, పాల మొక్క అక్కడ వేస్తాను" అన్నారు. గింజలు ఇచ్చి పంపాను. ఆరు నాటితే రెండు మొలిచాయట.