ఫారం నింపడం గుమాస్తా పనేనా?

మన లా కాలేజీలో ఫారం నింపడాన్ని ఎవరూ చదువు కింద లెక్కపెట్టరు. మూట్ కోర్టులో గౌను తొడుక్కుని వాదించడం చదువు. రాజ్యాంగం మీద ఇరవై పేజీల వ్యాసం రాయడం చదువు. ఫారం అంటారా, అది గుమాస్తా పని. ఇంకా మాట్లాడితే నెట్ సెంటరు కుర్రాడి పని. నేనూ మొన్న మొన్నటిదాకా అలా అనుకున్నవాణ్ణే. తప్పు చేస్తేగాని తెలిసిరాలేదు కనుక, ఆ తప్పేదో ముందే చెప్పేస్తాను.

పోయిన సంవత్సరం మన న్యాయ సహాయ కేంద్రానికి ఒకామె వచ్చింది. భర్త వదిలేసి అయిదేళ్లయింది. మనోవర్తి కేసు వేయాలి, వకీలుకు ఇచ్చుకునే స్తోమతు లేదు. ఉచిత న్యాయ సహాయానికి దరఖాస్తు పెట్టాలి. నేను మహా దర్జాగా కంప్యూటరు ముందు కూర్చుని ఫారం డౌన్‌లోడ్ చేశాను. పేరు, ఊరు, కేసు వివరం చకచకా నింపుకుంటూ పోయి ఒక గడి దగ్గర ఆగాను. వార్షికాదాయం. పక్కనే ఎర్ర నక్షత్రం గుర్తు.

"ఆదాయం సర్టిఫికెట్ ఉందా అమ్మా?"

"లేదు బాబూ."

"అయితే అది తెచ్చుకోండి. అప్పుడు నింపుదాం."

ఆమె మారు మాట్లాడలేదు. కంప్యూటరు చెప్పిన తర్వాత ఇంక మాట్లాడేదేముంది? మళ్లీ వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ కాగితం కోసం మండలాఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగిందట. నాలుగు రోజుల కూలి పోయింది.

తీరా చూస్తే ఆ కాగితం అక్కరే లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయ పరిమితి లేదు. చిత్రమేమంటే, ఈ సెక్షను మీద నేను పరీక్ష రాశాను, మార్కులూ బాగానే వచ్చాయి. జవాబు పత్రంలో గుర్తున్న చట్టం తెర మీద గడి కనపడగానే ఎగిరిపోయింది! ఆమె దరఖాస్తు తర్వాత మంజూరయింది. కాని ఆ సర్టిఫికెట్ అవసరం లేకపోయిందని చెప్పే ధైర్యం నాకు ఇవాళ్టికీ చాలలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. చట్టం చేసేది చట్టసభ. మరి ఫారం చేసేదెవరు? ఎవరో ఉద్యోగి, మరెవరో సాఫ్ట్‌వేరు కాంట్రాక్టరు. వాళ్లు పెట్టిన ఎర్ర నక్షత్రం మీద ఏ సభలోనూ చర్చ జరగదు. అయినా ఆచరణలో మనిషికి ఎదురుపడే చట్టం అదే. కాగితం ఫారంలో ఒక సౌలభ్యం ఉండేది. అక్కర్లేని గడిని కొట్టేసి, పక్కన "వర్తించదు" అని రాసి సంతకం పెట్టొచ్చు. తెర మీద గడికి మార్జిన్ ఉండదు. నింపితేగాని తర్వాతి పేజీకి పోనివ్వదు.

నిజానికి మన చట్టాలు ఇంత మొండివి కావు. ఉచిత న్యాయ సేవల మీద 2010లో వచ్చిన నిబంధనలు చదవండి. రాయడం రానివారిని అడిగి తెలుసుకుని ఫారం నింపి పెట్టాలన్నాయి. నమూనా ప్రకారం లేకపోయినా, విషయం తెలిసేంత ఉంటే తీసుకోవాలన్నాయి. నోటిమాటగా అడిగినా సరేనన్నాయి. 2005 సమాచార హక్కు చట్టం 6వ సెక్షను కూడా, రాయలేనివాడి మాటను రాతలో పెట్టడానికి అధికారే సాయపడాలంటుంది. సమాచారం ఎందుకు అడుగుతున్నావని ప్రశ్నించకూడదంటుంది. ఆ రోజు నేను ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా సరిపోయేదన్నమాట!

డిజిటల్ ఫారాలు వద్దనడం లేదండోయ్. ఫారం కోసం స్టాంపు వెండరు కొట్టు తీసేదాకా కాచుకునే బాధ తప్పింది. అర్ధరాత్రయినా దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు. కాని దాన్ని వాడే తీరే బాగా లేదు. చాలా పీడీఎఫ్ ఫారాల్లో తెలుగు కొడితే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి. అందుకని ఇంగ్లీషులో నింపుతాం. ఆమె చదవలేని భాషలో నింపి, "పైవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్నచోట ఆమె చేత వేలిముద్ర వేయిస్తాం. పాతకాలపు దస్తావేజు లేఖరి ఇంతకన్నా నయం. చదివి వినిపించి, విన్నారన్న సంగతి దస్తావేజులోనే రాసేవాడు.

ఇక సేవ్ చేయడం. ఇది మరీ ఘోరం. ఆమెకు ఒక ప్రింటు ఇచ్చి పంపేస్తాం, రెండో కాపీ ఇవ్వం. మళ్లీ అవసరమైతే మొదటినుంచీ నింపాల్సిందే. ఫైలు మాత్రం ల్యాబు కంప్యూటరులో డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటుంది. మన ల్యాబులోనే ఒకసారి తెరిచి చూడండి. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, సంసారాల గొడవలు అన్నీ అక్కడే. తర్వాత కూర్చున్నవాడు సినిమా చూస్తూ అవీ చూస్తాడు.

కనుక విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లోనే ఉంది. మనకూ ఉంది, బోర్డుతో సహా. శనివారాలు ఇద్దరు విద్యార్థులు, ఒక లెక్చరరుగారు అక్కడ కూర్చుందాం. ఏ గడికి ఏ సెక్షను ఆధారమో, దేనికి ఆధారమే లేదో ఫారం పక్కన పెట్టుకుని రాద్దాం. ఆధారం లేనివాటి జాబితా ఆయా కార్యాలయాలకు పంపుదాం. ప్రింటు నొక్కేముందు తెలుగులో చదివి వినిపిద్దాం. రెండు కాపీలిచ్చి, ఫైలు ఆమె ఫోనులో వేసి, మన దగ్గరది తుడిచేద్దాం. వార్షికోత్సవం పందిరి ఖర్చులో పదో వంతు పెడితే ప్రింటరు సిరాకి సరిపోతుంది.

ఈ సంగతి మొన్న సంఘం సమావేశంలో చెబితే అందరూ బాగుందన్నారు. ల్యాబు తాళంచెవి శనివారంనాడు ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం ఇంకా తేలలేదు.