బుడమేరు ఎక్కడికి పోవాలి?



2024 సెప్టెంబరు వరదలు తగ్గిన కొన్ని నెలల తరువాత, విజయవాడలోని ఒక పాఠశాలవారు ఆరోగ్య విషయాలు చెప్పమని నన్ను పిలిచారు. బెంజ్ సర్కిల్ దగ్గరి మా ఇంటినుండి బయలుదేరి వెళ్ళాను. నీటివలన వ్యాపించే వ్యాధుల గురించి చెప్పడం ముగించాక, తొమ్మిదవ తరగతి పిల్లలను ఒక ప్రశ్న అడిగాను: "చిత్తడి నేలలవలన మనకు కలిగే ఉపయోగాలేమిటి?" ఒక అమ్మాయి లేచి, తడుముకోకుండా అయిదు అంశాలు అప్పజెప్పింది. మూడవది 'వరదలను అదుపు చేయుట'. సంతోషించి, మరొక ప్రశ్న వేశాను: "మరి మన బుడమేరు ఎక్కడికి పోవాలి?" ఎవరూ మాట్లాడలేదు. చివరి బల్లనుండి ఒక అబ్బాయి మాత్రం, "మా ఇంట్లోకి వచ్చిందండీ" అన్నాడు. తక్కిన పిల్లలు నవ్వారు. ఆ అబ్బాయిది సింగ్ నగర్. నాకు నవ్వు రాలేదు.

ఆవరణ వ్యవస్థలవలన మానవులకు కలిగే ప్రయోజనాలను మన బడులలో నేర్పుతున్నారు. కాని, పిల్లవాని ఇంటి గుమ్మానికి, ఆ పాఠానికి సంబంధం లేకుండా నేర్పుతున్నారు. నా ఫిర్యాదు ఇంతే.

2005లో ఐక్యరాజ్యసమితి పక్షాన వెలువడిన సహస్రాబ్ది ఆవరణ వ్యవస్థల సమీక్ష ఈ ప్రయోజనాలను నాలుగు తరగతులుగా విభజించింది. ఆహారం, నీరు, కలప వంటివి సమకూర్చడం మొదటిది. వరదలను, వ్యాధులను, వాతావరణాన్ని క్రమపరచడం రెండవది. మనస్సుకు, సంస్కృతికి తోడ్పడడం మూడవది. నేల ఏర్పడడం, పోషకాలు తిరిగి మట్టిలో చేరడం వంటి మూలాధార క్రియలు నాలుగవది. విభజన మంచిదే. అయితే శరీర ధర్మశాస్త్రాన్ని పుస్తకంలో చదివి, రోగి నాడి ఒక్కసారైనా పట్టుకోని విద్యార్థి వైద్యుడు కాలేడు కదా!

మన నాడి బుడమేరు. మైలవరం వైపు కొండలలో కురిసిన వానను మోసుకొని, ఈ ఏరు సహజంగా కొల్లేటికి పోవాలి. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు తెచ్చిన నీటిని కొంతకాలం తనలో ఉంచుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదులుతుంది. నగరాన్ని కాపాడడానికి వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, వరదను మళ్ళింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. 2024 సెప్టెంబరు 1, 2 తేదీలలో ఆ బ్యారేజి వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణయే నిండుగా ఉన్నప్పుడు బుడమేరు అందులోకి ఎలా పోగలదు? కాలువ గట్లు తెగాయి. పాత దారిలో ఇళ్ళున్నాయి. నీరు పల్లాన్ని మరచిపోదు, మరచిపోయినది మనమే.

వరద తీసిన తరువాత ఏమవుతుందో ప్రభుత్వ వైద్యులందరికీ తెలుసు. మొదట వాంతులు, విరేచనాలు. ఆపైన కాలివేళ్ళ మధ్య పుండ్లు, పాముకాట్లు. ఎలుకల మూత్రం కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్. నిలిచిన నీటిలో దోమలు పెరిగి డెంగీ. బి.పి., మధుమేహం మందులు నీళ్ళపాలై, చీటీకూడ లేని వృద్ధుల అవస్థ వేరు. మేము మందులిస్తాము. కాని ఆ జబ్బులకు మూలం ఆసుపత్రిలో లేదు, నీరు నిలవవలసిన చోటును మనం ఆక్రమించడంలో ఉంది.

ఇక్కడ పిల్లలకు సగం సత్యమే చెప్పరాదు. కొల్లేరును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో దానికి రామ్‌సార్ గుర్తింపు లభించింది. అప్పటికే సరస్సులో ఎంతో భాగం చేపల చెరువులుగా మారింది. 2006లో ఆ చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించినప్పుడు పెద్ద పెట్టుబడిదారులే కాక, కూలికి పోయే పేదలు కూడ జీవనాధారం కోల్పోయారు. చేపల చెరువు ఆహారాన్నిస్తుంది. అదీ ఒక ప్రయోజనమే. కాని చెరువు గట్టు నీటి దారిని అడ్డుకుంటుంది. ఒకరికి వచ్చే లాభానికి మరొకరు ఏమి చెల్లిస్తున్నారు? ఈ లెక్క వేయడం నేర్పనంతవరకు 'ఉపయోగాలు' అనే జాబితా వలన ఉపయోగం లేదు. అలాగే చిత్తడి నేల దోమలకూ నెలవు కాగలదని దాచవద్దు. చేపలు, తూనీగ పిల్లలు బ్రతికివున్న నీటిలో దోమ పిల్లలకు శత్రువులుంటారనీ, మురిసిన గుంటలో ఆ శత్రువులు బ్రతకవనీ కూడ చెప్పండి.

సముద్రం వైపు చూడండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ, పరిసర ప్రాంతాలలో పది వేలమందికి పైగా మరణించారు. ఒడిశాలో 1999 నాటి మహా తుఫాను తరువాత కేంద్రపడా జిల్లా గ్రామాలను పరిశీలించిన పరిశోధకులు, సముద్రానికి, ఊరికి నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామాలలో మరణాలు తక్కువని కనుగొన్నారు. మన కృష్ణా ముఖద్వారంలోనూ మడ అడవులున్నాయి. ఈ జిల్లా పిల్లలలో వాటిని ఒక్కసారైనా చూసినవారు ఎందరు?

నా వృత్తికి సంబంధించిన పాఠం ఒకటి ఒప్పుకోవాలి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రను నేను లెక్కలేనన్ని సార్లు వ్రాశాను. అదే మందు పశువులకిస్తే, వాటి కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతాయని 2004లో వెల్లడైంది. మన దేశంలో పశువులకు దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. అప్పటికే రాబందులు తుడిచిపెట్టుకు పోయినంత పనైంది. కళేబరాలు కుక్కల పాలయ్యాయి; కుక్కలతోపాటు రేబీస్ భయమూ పెరిగింది. రాబందు మనకు వైద్యసేవ చేస్తున్నదని అది పోయేదాకా మాకెవ్వరికీ తోచలేదు.

పర్యావరణ విద్యను అన్ని తరగతులలో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పాఠ్యాంశం వచ్చింది, మార్కులూ వచ్చాయి. రావలసినది నడక. ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ప్రతి పిల్లవానిచేత తన ఇంటి కప్పుమీద పడిన వాన ఏ కాలువలో, ఏ ఏటిలో, చివరకు ఏ సముద్రంలో కలుస్తుందో పటం గీయించండి. బందరు, ఏలూరు, రైవస్ కాలువలలో తమకు దగ్గరి దానిని, పెద్దల తోడుతో, గట్టు మీదనుండే చూపించండి. గోడలమీద మిగిలిన వరద చారలను కొలిపించండి. ఇక్కడ పూర్వం ఏముండేదో తాతమ్మలను, తాతయ్యలను అడిగి వ్రాసుకొని రమ్మనండి. వీలైతే ఒక శీతకాలపు ఉదయం కొల్లేటి ఒడ్డున ఆటపాకకు తీసుకువెళ్ళి, గూడబాతులను చూపించండి. వీటిలో దేనికీ ప్రయోగశాల అక్కరలేదు.

"పరీక్షలకే సమయం చాలడం లేదు" అంటారు. 2024లో వరద ఎన్ని పనిదినాలను మింగిందో మీకే తెలుసు. "ప్రకృతిని లాభనష్టాలతో కొలవడం తప్పు కదా?" అని మరికొందరు అంటారు. నిజమే, తల్లిని ఎవరూ జీతంతో కొలవరు. అయితే తల్లి చేసే పనిని ఎన్నడూ గమనించని బిడ్డ, ఆమె జబ్బుపడిన సంగతి కూడ గమనించడు.

తల్లిదండ్రులైన పాఠకులారా, ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను ఆ ప్రశ్న అడగండి: బుడమేరు ఎక్కడికి పోవాలి? వారికి తెలియకపోతే కోపగించవద్దు. ముందు మీకు తెలుసో లేదో చూసుకోండి.