అరుగు మీదా? వంటింట్లోనా?

చలికాలం వచ్చిందంటే మస్కట్ నుంచి మన కుటుంబాలు బర్కా దారి పడతాయి. సవాదీ బీచ్‌లో గవ్వలు ఏరుకోవడం, కోట చూడటం, వీలుపడితే ఎద్దుల పోటీ. (మన బండలాగుడు కాదండోయ్, ఇక్కడ ఎద్దులు కొమ్ములతో తలపడతాయి.) తిరిగి ఇల్లు చేరేలోపే ఫొటోలు ఫేస్‌బుక్‌కి ఎక్కేస్తాయి. అక్కడ పేరు కింద ఉండే చిన్న గుర్తును ఎప్పుడైనా గమనించారా? భూగోళం బొమ్మ ఉంటే లోకమంతా చూడొచ్చు. ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే మీ ఫ్రెండ్స్ మాత్రమే.

మన ఊళ్లలో అరుగు మీద చెప్పుకునే మాటలు వేరు, వంటింట్లో చెప్పుకునేవి వేరు. కంప్యూటర్‌లో ఆ తేడా మనమే పెట్టుకోవాలి. కొత్తగా చేరేవారి పోస్టులు ముందుగా ఫ్రెండ్స్‌కే వెళ్లేలా ఫేస్‌బుక్ 2014లో మార్చింది. అంతకుముందు చేరినవాళ్లు ఒకసారి సెట్టింగ్స్ చూసుకోండి. పాత పబ్లిక్ పోస్టులన్నిటినీ ఒక్కసారిగా ఫ్రెండ్స్‌కే పరిమితం చేసే వీలు అక్కడే ఉంది. ఇన్‌స్టాగ్రామ్ 2024 నుంచి 18 ఏళ్లలోపు వారి ఖాతాలను తనంతట తానే ప్రైవేట్ చేస్తోంది, పిల్లలు వయసు నిజం చెబితే!

అసలు చిక్కు మన ఫొటోలతో కాదు, అందులో పడే పక్కవాళ్లతో. బీచ్‌లో మన పిల్లల వెనక ఒక ఒమానీ కుటుంబం కూర్చుని ఉంటుంది. 2011 నాటి సైబర్ నేరాల చట్టం, అంటే 12/2011 రాయల్ డిక్రీలో, 16వ అధికరణం ఇలాంటి విషయాల గురించే. ఇతరుల వ్యక్తిగత, కుటుంబ జీవితానికి భంగం కలిగేలా ఫొటో తీసినా, పంచినా, అందులో ఉన్నది నిజమే అయినా నేరమే. ఏడాది నుంచి మూడేళ్ల జైలు, 1000 నుంచి 5000 రియాళ్ల జరిమానా, లేదా రెండిట్లో ఒకటి. 'ఫ్రెండ్స్‌కే పెట్టాను కదా' అంటే సరిపోదు. వాట్సాప్ గ్రూపుకీ ఇదే లెక్క.

నా పద్ధతి చెబుతాను. కోట, సముద్రం, ఎద్దులు పబ్లిక్. మా పిల్లలు ఫ్రెండ్స్‌కి. స్కూలు యూనిఫాం, బ్యాడ్జి కనబడేవి ఎవరికీ కాదు. ఇతరుల పిల్లలున్నవి వాళ్ల అమ్మానాన్నల్ని అడిగాకే.

మీ ప్రొఫైల్ బయటివాళ్లకి ఎలా కనబడుతుందో చూపే 'వ్యూ యాజ్' అనే సదుపాయం ఫేస్‌బుక్‌లో ఉంది. ఈ శుక్రవారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నొక్కి చూడండి. అది ఎక్కడుందో వాళ్లే ముందు కనిపెడతారు.