మనసు బాగోలేనివాళ్ళ గోడు తెలుగులో వినేవాళ్ళు కావాలి

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగువారికి విన్నపం



ఎవరితోనూ కలవకుండా తన మానాన తానుండే మనిషిని "మెంటల్" అనేస్తున్నాం. నైట్ డ్యూటీలతో నిద్ర చెడి, తిండి మానేసి, అయినదానికీ కానిదానికీ పిల్లల్ని బాదేవాణ్ణేమో "వాడి గుణమే అంత" అని వదిలేస్తున్నాం. రెండూ తప్పే. సంఘం కట్టుబాట్లకో, మత నమ్మకాలకో ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక రోగి అని ముద్ర వేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మాతా పూజలో అమ్మవారు పూనిన ఆడమనిషిని మనం రోగి అనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక పదకొండో కూర్పు కూడా ఆచారంలో భాగమైన పూనకాన్ని జబ్బుగా లెక్కించదు. అదే మనిషి పూజ అయిపోయాక కూడా వారాల తరబడి ఒళ్ళు తెలియకుండా ఊగిపోతూ, పొయ్యి వెలిగించలేక ఏడుస్తుంటే డాక్టరుకు చూపించాలి. ఎంత బాధ, ఎన్నాళ్ళుగా, ఏ పనులు ఆగిపోయాయి, ప్రాణానికి ముప్పుందా అని చూడాలి.

వైద్యంలోనూ ఒక్కదాన్నే పట్టుకు వేలాడొద్దు. లేని గొంతులు వినిపించే జబ్బుకు మందులు వాడాల్సిందే. అప్పులతో, ఇంట్లో దెబ్బలతో కుంగినవాళ్ళకు మాత్ర ఒక్కటే చాలదు. కూర్చోబెట్టి మాట్లాడాలి, ఇంట్లోవాళ్ళూ మారాలి. ఒళ్ళు, మనసు, చుట్టూ ఉన్న సమాజం మూడూ కలిపి చూడమని అమెరికా డాక్టరు జార్జ్ ఎంగెల్ 1977లోనే రాశాడు. అమ్మవారికి మొక్కుకోండి, ధైర్యం వస్తుంది. కట్టేయడం, కొట్టడం మాత్రం వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగుల్ని కట్టేసి ఉంచిన ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులు తెంచుకోలేక కాలిపోయినవాళ్ళతో కలిపి 28 మంది రోగులు పోయారు.

ఇదంతా జరగాలంటే ముందు రోగి తన బాధ తన భాషలో చెప్పుకోగలగాలి. శ్రీకాకుళం నుంచి కోడలిగా వచ్చి ఇక్కడే ముసలిదైన అమ్మ, మనవణ్ణి తోడు తెచ్చుకుని డాక్టరుకు "తల బరువు, గుండె దడ" వరకే చెప్పించగలదు. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఆ పిల్లాడి నోట హిందీలో ఎలా పలికిస్తుంది?

అందుకే, రైల్వే ఆసుపత్రిలో వారానికి ఒక పూటైనా తెలుగు వచ్చిన కౌన్సెలర్‌ను కూర్చోబెట్టమని అడుగుదాం. మెడికల్ కేటగిరీ తగ్గితే ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు విప్పని లోకో పైలట్లూ ఉంటారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అంటోంది 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్. ఆ చట్టం లెక్కలో మానసిక రోగమూ వైకల్యమే. ఆ సెక్షన్‌ను తెలుగులో రాయించి వర్క్‌షాప్ గేటు దగ్గర అంటించాలి.

ఈ కాగితంతో ఇంటింటికీ వస్తాం, సంతకం పెట్టండి. ఈలోగా ఎవరికైనా కష్టంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్, 24 గంటలూ ఉచితం. తెలుగులోనూ మాట్లాడతారు.